గంజి పెట్టిన వెల్వెట్ గుడ్డ

మా మేడమ్‌గారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను దిగపహండి బస్సు గురించి బెంగపడుతున్నాను. మనవరాలు ఆ బస్సులో బరంపురం రావాలి, అప్పటికే అరగంట ఆలస్యమైంది. ఫోను మోగగానే బస్సుకే ఏదో అయిందనుకున్నాను. మాట్లాడింది మేడమ్‌గారి దగ్గర చదువుకుని, ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్న అమ్మాయి. "అప్పా, మేడమ్ ఎల్లిపోనారు" అంది. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు. లేచిన దగ్గర నుంచీ వంద విషయాలకి బెంగపడేదాన్ని, ఈ ఒక్కదానికే పడటం మరిచిపోయాను. ఆవిడకి గుండె జబ్బని తెలుసు. అయినా నేను వయసులో పెద్దదాన్ని కదా, ముందు నా వంతే అనుకున్నాను.

నేను అయిదో తరగతి వరకే చదివాను. చదువుకున్నవాళ్ళు ఆవిడ జ్ఞాపకాలు రాసే సంచికలో నేనేం రాస్తానని మూడు కాగితాలు చింపేశాను. కానీ వాళ్ళెవరికీ సరిగ్గా తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అది చెప్పకుండానే పోతానేమోనని ఇప్పుడు కొత్త బెంగ.

మా ఆయన పోయాక బరంపురంలో బట్టల కొట్ల వాళ్ళ ఇళ్ళలో నేత చీరలకి గంజి పెట్టి, ఇస్తిరీ చేసి బతికేదాన్ని. అలా చీరలిచ్చే ఒక పెద్దావిడ, తన కూతురి కాలేజీ ల్యాబులో గాజు సామాను కడగడానికి మనిషి కావాలని నన్ను పంపింది. ఆ కూతురే మా మేడమ్‌గారు.

మొదటి రోజు గాజు పళ్ళేల నిండా తెల్లటి చుక్కలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. "పురుగులేటమ్మా?" అని అడిగాను.

"కళ్ళకి కనపడనంత సిన్నవి, లచ్చలు గుంపుకడితే ఒక సుక్క. మార్కండి దగ్గర సముద్రపొడ్డు ఇసక నేల్లో మొక్కల మొదట్లో బతుకుతాయి. మనల్ని ఏటీ సెయ్యవప్పా" అన్నారు. నమ్మలేదు. నెల రోజులపాటు ఇంటికెళ్ళి స్నానం చేస్తే గానీ పిల్లల్ని ముట్టుకోలేదు.

ఆవిడకో అలవాటు ఉండేది. నాలుగింటికి మరమరాల్లో ఉల్లిపాయా, పచ్చిమిరపకాయా కలిపి అందరికీ పెట్టేవారు. నా ముందు గిన్నె పెడుతూ "ఇయాల బెంగ ఏటప్పా?" అనేవారు. నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డంపెట్టి, "ఒక్కటే సెప్పు. మిగతావి రేపటికుంచు" అనేవారు. వాటిలో పెద్దది ఏదా అని ఏరుకుంటూ కూర్చుంటే సగం బెంగలు అక్కడే రాలిపోయేవి.

ల్యాబులో ఏం చేస్తారో నాకు తెలియాలని ఎవరూ అనుకోలేదు, ఆవిడ తప్ప. ఒకరోజు చెప్పారు. "పెళ్ళింట్లో యాభై మంది తిరుగుతున్నారనుకో. ఎవలు ఏ పని సేస్తన్నారో మనకి తెలీదు. ఒకల్ని గదిలో పెట్టి తాళం ఏసేస్తాం. సాంబారు రాలేదనుకో, ఆడే వంటోడు. బాజా ఆగిపోనాదనుకో, ఆడే బాజావోడు. ఈ పురుగుల్లో జీన్లని ఉంటాయి. ఒక్కో పురుగులో ఒక్కో జీను పాడుసేసి, ఏ పని ఆగిందో సూస్తాం."

"ఎవల్ని తాళమేసినా ఏటీ ఆగకపోతేనో?"

"ఆడు బోయనానికొచ్చిన సుట్టం" అని నవ్వేశారు. మళ్ళీ ఆలోచించి, "లేదప్పా, వర్షం వచ్చీదాకా గొడుగు పట్టుకొచ్చినోడి పని మనకి తెలీదు కదేటి" అన్నారు.

గోడ మీద ఆ జీన్ల పేర్ల జాబితా ఉండేది. చాలా వాటి పక్కన ఇంగ్లీషులో ఒకే మాట రాసి ఉండేది. 'పని తెలియదు' అని దాని అర్థమట. పాపం అనిపించింది. ఇంట్లో మూల కూర్చున్న ముసలివాళ్ళు గుర్తొచ్చారు. ఆ మాటే అంటే ఆవిడ, "పని తెలీదని రాస్తారు గానీ పని లేదని రాయరప్పా. రెండిటికీ సాలా తేడా" అన్నారు.

చుక్కల్ని ఒక పళ్ళెం నుంచి ఇంకో పళ్ళెంలోకి దించడానికి వెల్వెట్ గుడ్డ వాడతారు. గుండ్రటి దిమ్మ మీద గుడ్డ బిగించి, నిండుగా తిండి ఉన్న పళ్ళేన్ని బోర్లించి అద్దుతారు. తరవాత తిండి తక్కువ పెట్టిన పళ్ళేన్ని అదే గుడ్డ మీద అద్దితే, ముద్ర పడినట్టు చుక్కలన్నీ అదే వరసలో దిగుతాయి. రెండో పళ్ళెంలో ఏ చుక్క పెరగలేదో, ఆ పురుగు తనకి కావలసినదాన్ని తాను తయారుచేసుకోలేకపోతున్నట్టు. ఆ గుడ్డలు ఉతికి, ఆరేసి, పెద్ద కుక్కర్లో ఆవిరి పెట్టడానికి సిద్ధం చేయడం నా పని.

దిగపహండి నుంచి వచ్చిన అమ్మాయి, ఇప్పుడు నాకు ఫోను చేసిన అమ్మాయే, అప్పుడు అక్కడ పరిశోధన చేస్తోంది. నాలుగు నెలలు పళ్ళేలు అద్దింది. ఒక్క చుక్కా ఆగలేదు, అన్నీ పెరిగాయి. తనకిచ్చిన గడువు అయిపోవస్తోంది. ఏమీ దొరక్కపోతే చదువు మధ్యలో వదిలి ఊరికి పోవడమే. ఆ రోజు బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. మేడమ్‌గారు పళ్ళెం వెలుతురుకి ఎత్తి చూస్తూ, "ఈటికి తిండి దొరుకుతున్నాది. మనం పెట్టని తిండి ఎక్కడో దొరుకుతున్నాది" అన్నారు.

ఉతికిన గుడ్డల బుట్టతో నేను గుమ్మంలో ఉన్నాను. బుట్టలోకి చూసుకున్నాను.

కొత్తగా తెచ్చిన వెల్వెట్ ఉతికితే పీలికలా వేలాడిపోయేది. నా చేతి మీదుగా వెళ్ళే గుడ్డ అలా ఉంటే నాకు నామోషీ. అందుకని నాలుగు నెలలుగా ఇంటి నుంచి పల్చటి గంజి తెచ్చి, అందులో ముంచి ఆరేస్తున్నాను. చీరకి పెట్టినట్టే.

రెండు రోజులు అన్నం సహించలేదు. చెబితే పని పోతుందని భయం. చెప్పకపోతే ఆ పిల్ల చదువు పోతుంది. మూడో రోజు నాలుగింటికి మరమరాల గిన్నె ముందు పెట్టి, "ఇయాల బెంగ ఏటప్పా?" అన్నారు. "గంజి" అన్నాను.

మొత్తం చెప్పాను. ఆవిడ ఒక గుడ్డ తీసి వాసన చూశారు, వేళ్ళతో నలిపారు. తరవాత కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఆకలికి ఎవలు ఆగలేరో సూద్దామని పస్తు పెడితే, ఎనక గుమ్మంలోంచి గంజి పోసి పంపించీసినావా అప్పా!"

అమ్మాయి మాత్రం నవ్వలేదు. "రోజూ గేసు కట్టేసినానా లేదా అని నా పేణం తీస్తావు. ఈ గంజి గురించి ఒక్క రోజు బెంగపడలేకపోనావా!" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. న్యాయమైన మాట.

నన్ను రావద్దంటారని ఎదురుచూశాను. మేడమ్‌గారు, "రేపు సగం గుడ్డలకి గంజి పెట్టు, సగానికి పెట్టకు. కలిసిపోకుండా సూసుకో, ఆ బెంగ నీది" అన్నారు.

కొన్ని వారాలకి అమ్మాయి నన్ను కేకేసింది. రెండు పళ్ళేలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఉత్త గుడ్డతో అద్దినదాంట్లో ఒకచోట ఖాళీ. గంజి గుడ్డతో అద్దినదాంట్లో అదే చోట చుక్క, బొట్టు పెట్టినంత నిండుగా. మేడమ్‌గారు పళ్ళేల్ని చాలాసేపు చూశారు. ఆ పురుగులో పాడైన జీను ఏదో తేల్చుకోవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. గోడ మీద దాని పక్కన కూడా 'పని తెలియదు' అనే ఉంది. ఆవిడ పెన్సిలుతో ఆ మాట కొట్టేశారు. "ఇన్నాళ్ళూ ఆటి ఇంట్లో గంజి కాసింది ఇదేనప్పా. నువ్వు పొయ్యబట్టి తెలిసింది" అన్నారు.

అది నిజమని రూఢి చేయడానికి అమ్మాయికి మరో ఏడాది పట్టింది. ఆ ఏడాదికి గడువు ఇప్పించడానికి మేడమ్‌గారు ఎన్ని గదుల ముందు నిలబడ్డారో నాకు తెలుసు. అమ్మాయి పరిశోధన పుస్తకం అచ్చయ్యాక ఇంగ్లీషులో గంజి అని ఉన్న చోట నా వేలు పెట్టించారు.

మేడమ్‌గారి పదకొండో రోజు భోజనాల దగ్గర నేను అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒకరిని తీసేస్తే ఏ పని ఆగిందో చూడమన్నారు కదా. చూశాను. వంట ఆగలేదు, కాలేజీ ఆగలేదు, ల్యాబులో పళ్ళేలు అద్దడం ఆగలేదు. నాలుగింటికి నన్ను అడిగే మాట ఒక్కటే ఆగిపోయింది. ఆవిడ పని అదన్నమాట అనుకున్నాను.

మొన్న ఆ అమ్మాయి కారు పంపించి నన్ను ల్యాబుకి తీసుకెళ్ళింది. కొత్తగా చేరిన పిల్లలకి గుడ్డలు ఉతకడం నేర్పాలట. గంజి పెట్టినవీ పెట్టనివీ వరండాలో రెండు తీగల మీద ఆరేశాం. సముద్రం వైపు నుంచి గాలి గట్టిగా వీస్తోంది. అమ్మాయి నా చేతిలో మరమరాల గిన్నె పెట్టి, ఎటో చూస్తూ, అలవాటుగా అడిగినట్టు, "ఇయాల బెంగ ఏటప్పా?" అంది.

గిన్నెలో మరమరాలు ఓసారి కలిపాను. "గాలికి రెండూ కలిసిపోతాయేమోనే" అన్నాను.

"కలిసిపోతే తెలీదేటి? సూడు" అంది.

చూశాను. ఒక తీగ మీద గుడ్డలన్నీ గాలికి ఎగిరెగిరి పడుతున్నాయి. రెండో తీగ మీదవి, చిన్న పిల్లలు ప్రార్థనకి నిలబడ్డట్టు, బిగుసుకుని నిలబడ్డాయి.