కంచరన్న తోమని గరిటె

మా ఊరి కంచరన్న పోయాడు. ఆ కబురు నాకు బండల లారీ డ్రైవరు తెచ్చాడు. నేను అప్పుడు బేతంచెర్లలో మా కూతురింట్లో ఉన్నాను. అతను లారీ ఆపి, కిందికి దిగకుండానే, మీ ఊరి కంచరాయన పోయినాడంట, నిన్ననే మట్టి చేసినారంట అని చెప్పి, బండలెత్తే కూలోళ్ళు ఎక్కడున్నారని అడిగాడు. అతని తప్పేమీ లేదు. అతనికది దారిలో విన్న మాట. నేను చేతిలోని సంగటి ముద్ద తట్టలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాను.

నాకొచ్చిన చదువు కాస్తంతే. ముప్పై ఏళ్ళు కర్నూలు కడప కాలవ మీద లష్కరుగా చేశాను. తూములు ఎత్తడం, దించడం, పొద్దున్నే నీళ్ళ మట్టం చూసి పుస్తకంలో రాయడం నా పని. మట్టం ఎంత ఉంటే అంతే రాశాను. ఇంజనీర్లు మారారు గానీ, నా పుస్తకంలో అంగుళం తప్పు పట్టినవాడు లేడు. చేత్తో తప్పు రాయలేదు. నోటితో మాత్రం ఒక్కసారి తప్పు చెప్పాను. అది కంచరన్నకే చెప్పాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన అంగడి లాకుల దగ్గరికి పోయే సందులో ఉండేది. ముందు కొలిమి, పక్కన తోలుతిత్తి, వెనక గోడకు బిందెలు, చెంబులు, గంగాళాలు. ఆ ఇంట్లో మసి పట్టిన ఇత్తడి ఒక్కటి కనపడేది కాదు. సాయంత్రం పని కట్టేసే ముందు చింతపండు, ఇటికపొడి పెట్టి అన్నీ తోమించేవాడు. ఊరోళ్ళు మాటు వేయమని తెచ్చిన పాత చెంబును కూడా తోమి తళతళలాడించిగానీ ఇచ్చేవాడు కాదు. దానికి కూలి అడిగేవాడూ కాదు. మాపున మాసిన ఇత్తడి పెట్టుకుని పండుకుంటే నిద్ర రాదప్పా అనేవాడు.

ఆయనకు ఇంకో గుణం ఉంది. ఇత్తడిని చూసి, దానికేం జరిగిందో చెప్పేవాడు. ఒకసారి కొత్తకోడలు ఒకతె బిందె తెచ్చింది, వెంట అత్త. బిందె కింద పడనే లేదని ఆ పిల్ల ఏడుపు ముఖంతో చెప్తోంది. కంచరన్న సొట్ట మీద వేలు పెట్టి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. లాకుల మెట్టు అంచు ఎలా ఉంటుందో సొట్ట అలాగే ఉంది, నాకే తెలిసిపోయింది. ఆయన మాత్రం అత్త వైపు తిరిగి, రేకు పలచనమ్మా, నీళ్ళ బరువుకే లోపలికి పోయిండాది అన్నాడు. వాళ్ళు పోయినాక నాతో మెల్లగా అన్నాడు:

"పిల్ల పడలేదంటాది. బిందె పడినానంటాండాది. ఇద్దరిలో దెబ్బలు తినేది పిల్ల గదప్పా."

ఇదంతా తెలిసి కూడా నేను చేసిన పని చూడండి.

నాలుగైదేళ్ళ కిందటి మాట. సంతలో సిల్వారు గిన్నెలు వచ్చిపడ్డాయి. తేలిక, చవక. ఇత్తడి కొనేవాళ్ళు తగ్గిపోయారు. కంచరన్న కొత్త బిందె కొట్టి ఆరు నెలలయింది. మాట్లు వేయడం, కళాయి పూయడం, అంతే మిగిలింది. పెద్దకొడుకు బేతంచెర్ల గనికి పోతానని అంటున్నాడు. ఆయన పైకి చెప్పుకునే మనిషి కాదు. కానీ కొలిమి రోజూ రాజేయడం మానేశాడు. దాన్ని బట్టి నాకు తెలిసింది.

అప్పుడు కాలవ బంగళా కాపలాదారు ఒక రేకు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. దేశం వదిలి పోయిన తెల్ల ఇంజనీరుదట. అందులో రెండు ఉన్నాయి. ఒకటి చెంచా ముక్క, నీళ్ళలో లాగితే దెబ్బ తిన్న చేపలాగా అటూ ఇటూ ఊగుతుంది. ఇంకొకటి చిన్న ఆకు, కమ్మి చుట్టూ గిరగిరా తిరుగుతుంది. చేప ఆ మెరుపు చూసి మరో చేప అనుకుని నోట పట్టుకుంటుందట. ఎర అక్కర్లేదట. కర్నూలు రాజధాని అయినాక బంగళాకు వచ్చే అధికార్లు ఎక్కువయ్యారు, ఆదివారం గాలాలు వేసుకుని కూర్చుంటున్నారు, ఇవి బాగుచేసిపెడితే వాళ్ళకు ఇస్తానన్నాడు కాపలాదారు.

కంచరన్న వాటిని రెండు దినాలు తిప్పి తిప్పి చూశాడు. ఇది ఊగుతాది, అది తిరుగుతాది, రెండూ ఒకదాంట్లో పెడితే ఏమైతాదో చూస్తామన్నాడు. విరిగిన ఇత్తడి గరిటె ఒకటి తీసుకుని కాడ కోసేశాడు. గుంట నడుమ కిటికీ మాదిరి కోశాడు. ఆ కిటికీలో సన్న కమ్మి నిలబెట్టి, చింతాకు కంటే కాస్త పెద్దదైన రేకు ఆకును దానికి ఎక్కించాడు. గరిటె ఊగాలి, అందులో ఆకు తిరగాలి.

మొదట గంగాళంలో నీళ్ళు పోసి లాగి చూశాడు. ఆకు కదలలేదు. పలచగా సాగగొట్టాడు. తరువాత కాలవకు తెచ్చాడు. ఆకు తిరిగింది, గరిటె కూడా దాంతోపాటు తిరిగి దారమంతా మెలిపడింది. ఉయ్యాల గొలుసు పైన తిరిగే కొక్కెం ఉంటుందే, అలాంటిది గోరంత చేసి ముందర తగిలించాడు. దాంతో మెలి పోయింది. దీనికంతా పదిహేను పొద్దులు పట్టింది. గాలపు ముల్లు కట్టకుండా, వట్టి గరిటె దారానికి కట్టి, మెట్ల మీద కూర్చుని లాగుతుంటే నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏం మామా, గరిటెకు ఈత నేర్పిస్తాండావా?"

"నేర్చుకుంటాండాదమ్మా. మునిగేది ఒకటి మానల్ల ఇంగ."

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసింది నేనే. ఆ కాలవ మీద గాలం వేయడంలో నన్ను మించినవాడు లేడు. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఎవరినైనా అడగండి. ఏ చేపకు వానపాము, ఏ చేపకు రాగిముద్ద, ఏ గుండంలో ఎప్పుడు, నాకు తెలుసు. అంత నేర్చినవాడి ముందు ఎరే లేకుండా చేపను పడతానంటే కడుపు మండింది. లాకుల మీద నలుగురూ ఉండగా మీసం మీద చెయ్యేసి, ఈ కాలవలో ఇత్తడి కొరికే చేప ఉంటే నా మీసం తీసేస్తానన్నాను. మీసం మీద పందెం ఏలన్నా, నీకుండేది అదొక్కటే గదా అన్నాడు బంగళా కాపలాదారు. అందరూ నవ్వారు. కంచరన్న నవ్వలేదు. మరునాడు గరిటెకు ముల్లు కట్టి నా దగ్గరికే తెచ్చాడు.

"నేను నీచు ముట్టేవాణ్ణి గాదు. ముల్లు కట్టినాక ఇది నా పని గాదప్పా. నువ్వే ఏసి చూడు. నువ్వు ముట్టిందంటే ముట్టింది, లేదంటే లేదు. నీ మాట మీదనే ఇంగో నాలుగు చేసేదా, మానేదా అని ఉండాది."

పందెం కాసినవాడి చేతికే పరీక్ష ఇచ్చాడు. చేప చావడం చూడలేనని లాకు గది అవతల వీపు తిప్పి కూర్చున్నాడు.

నీళ్ళు దూకే చోట, నురుగు కింద, గరిటె విసిరాను. మూర మూర దారం లాక్కున్నాను. ఒకసారి, రెండుసార్లు, ఏమీ లేదు. మూడోసారి సగం దూరం వచ్చిందో లేదో, చెయ్యి ఊడిపోయేలా లాగింది. దారం అరచేతిని కోసింది. వాలుగ. గట్టుకు తెచ్చేసరికి రొప్పు వచ్చింది. చేప నా చెయ్యంత పొడుగుంది. నోట్లో అడ్డంగా ఇత్తడి మెరుస్తోంది.

వాలుగ నోరు తెలిసినవాళ్ళకు తెలుసు. సన్న పళ్ళు, ఇత్తడి రాకే ఆకురాయి మాదిరి. ముల్లు తీసేటప్పుడు అది తల విదిలించింది, గరిటె మీద ఆ పళ్ళు గీసుకున్నాయి. నేను లాకు గది వైపు చూశాను. కంచరన్న వీపు కనిపిస్తోంది. ఆ వీపు చూస్తూనే చేపను నీళ్ళలోకి వదిలేశాను. నా జన్మలో చేతికొచ్చిన చేపను వదిలింది అదొక్కటే.

మధ్యాహ్నం దాకా ఊరికే విసిరి, పోయి గరిటె ఆయన చేతిలో పెట్టాను.

"ఏమప్పా, ముట్టిందా?"

"ముట్టలేదన్నా."

ఆయన గరిటెను పైగుడ్డతో తుడిచి, ఎండకు వంచి చూశాడు. బిందెలు చూసినట్టే చూశాడు. వేలు పెట్టి ఒకచోట నెమ్మదిగా రాశాడు. నా ముఖం చూడలేదు. తరువాత లాకుల మీద అడిగినవాళ్ళకు, ముట్టలేదంట, మీసం ఉండాది పోండి అని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు.

ఆ తరువాత ఆయన మరొకటి చేయలేదు. ఆ ఒక్కదాన్ని అంగట్లో దూలానికి, తిత్తికి ఎదురుగా కట్టాడు. నేను రోజూ పోయి కూర్చునేవాణ్ణి. ఆయన ఒక్కనాడూ ఆ ఊసు ఎత్తలేదు. నాకు ముంత పక్కన పెట్టి మజ్జిగ పోయించడం మానలేదు. తిత్తి ఊదినప్పుడల్లా కిటికీలో ఆకు తిరిగేది. నేను వేరే వైపు చూసేవాణ్ణి. నీళ్ళు దూకే ఆ చోట గాలం వేయడం కూడా మానేశాను. ఎందుకని ఎవరడిగినా మాట మార్చేవాణ్ణి.

లారీ డ్రైవరు చెప్పిన మరునాడే ఊరు చేరాను. పదో దినం కొడుకులు క్షవరానికి కాలవ గట్టుకు పోయే ముందు నేను అంగట్లో కూర్చున్నాను. గోడకున్న ఇత్తడంతా మెరుస్తోంది. దూలానికి గరిటె ఒక్కటి నల్లబడి ఉంది. దాన్నెందుకు తోమలేదని పెద్దకొడుకును అడిగాను. నాయన తోమనీయలేదు మామా అన్నాడు. ఒకసారి చిన్న కోడలు తెలియక చింతపండు తీసుకుంటే లేచి వచ్చి లాక్కున్నాడట, గీతలు పోతాయి అన్నాడట. ఏం గీతలు నాయనా, నీ ఆకురాయి గీతలేనా అని వీడు అడిగితే, నా ఆకురాయి ఇంత సన్నం కాదురా అని, ఇంకేమీ చెప్పలేదట.

ఇంకొక మాట కూడా వాడే చెప్పాడు. ఒక ఏడు, బంగళాలో దిగిన ఇంజనీరు ఒకాయన అంగట్లో ఆ గరిటె చూసి ముచ్చటపడి, ఇలాంటివి చేసిస్తావా అని అడిగాడట. ఇంట్లో గింజలకు కటకటగా ఉన్న రోజులు. కంచరన్న చేతులు కట్టుకుని చెప్పాడట:

"మా లష్కరు ముట్టలేదన్నాడు సామీ. పని చేయని సరుకు నేను అమ్మను."

ఆ పొద్దే కంచరన్న చేతిలో వాలుగ పళ్ళ గీతలున్నాయి. నా మాట అబద్ధమని వాటితో చెప్పొచ్చు. నలుగురిలో నా మీసం తీయించొచ్చు. కొలిమి రాజేసుకోవచ్చు. ఆయన ఆ కొత్తకోడలిని ఎలా కాచాడో నన్నూ అలాగే కాచాడు. నేను దెబ్బలు తినేవాణ్ణి కాదు, తిన్నా తట్టుకునేవాణ్ణి. అది ఆయనకు తెలియదనుకోను.

గట్టు మీద కొడుకులిద్దరి క్షవరం అయినాక, వాళ్ళ పక్కన నేను పోయి కూర్చున్నాను. మంగలాయన కత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"నీకెందుకు పెద్దాయనా? ఆయన నీకు ఏం వరస?"

"వరస లేదు. మాట ఉండాది. ఆ పొద్దు గరిటెను వాలుగ ముట్టింది. నేనే వదిలేసి, లేదంటి. తియ్యి."

గట్టు మీద ఇరవై మంది దాకా ఉన్నారు. బంగళా కాపలాదారు కూడా ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు. పెద్దకొడుకు నన్ను చూసి, కాలవలో చెంబు ముంచి తెచ్చి నా ముఖానికి నీళ్ళు పట్టాడు. నలభై ఏళ్ళ మీసం రెండు గీతల్లో పోయింది.

నిన్న మళ్ళీ అంగడికి పోయాను. పెద్దకొడుకు గనికి పోతాననడం మానుకున్నాడు. విరిగిన గరిటె ఒకటి ముందర పెట్టుకుని, పైనున్నదాన్ని చూస్తూ కిటికీ కోసుకుంటున్నాడు. ముల్లు కట్టినాక నువ్వే ఏసి చూడల్ల మామా అన్నాడు. సరేనన్నాను. వాడు లేచి తిత్తి ఊదాడు. దూలానికి నల్లటి గరిటె మెల్లగా ఊగింది, కిటికీలో ఆకు తిరగడం మొదలుపెట్టింది. ఈసారి నేను వేరే వైపు చూడలేదు. ఆ గాలి బోడి పైపెదవికి వెచ్చగా తగిలింది.