నాతోని కూసోని తిన్న మా సునంద వదిన

నిన్న దుకాణంల ఉన్నప్పుడు అన్న ఫోన్ చేసిండు.
"హైదరాబాద్ తొవ్వల మన్నాఏఖేళ్ళిల ఉన్నంరా. అంబులెన్స్ ఆపిండ్రు. అయిపోయింది."

ఏమయిపోయింది అని అడిగిన. పిచ్చోని లెక్క మళ్ళ మళ్ళ అదే అడిగిన.

పొద్దున వదిననే నాకు చాయ్ ఇచ్చింది. తల బాగ నొస్తుందన్నది. నేను దుకాణం పోయినంక వంటింట్లనే పడిపోయింది. బీదర్ దవాఖానల తలల నరం చిట్లింది, హైదరాబాద్ తీస్కపోండ్రి అన్నరు.
హైదరాబాద్ దాంక పోనే లేదు.

మా సునంద వదిన. అన్న భార్య. నలభై గూడ నిండలే.

ఆమె నాకేం చేసిందో ఇది చదువుతున్న మీల ఎవ్వలికి తెల్వది. ఇయ్యాల చెప్తున్న.

రెండేండ్ల కింద నేను బక్కచిక్కి దవాఖానల పడ్డది మీకు ఎర్కే. అల్సర్ అని చెప్పినం.
అల్సర్ కాదు. ఈటింగ్ డిజార్డర్.
తిండి అంటె భయం. మగోనికి, అందుల పప్పుల హోల్‌సేల్ దుకాణం నడిపేటోనికి గిదేం బీమారి అని నవ్వుతరని ఇంట్ల దాచిండ్రు.

డాక్టరమ్మ తినుమన్నది. తిన్న. బరువు పెరుగుడు షురువైంది.

బక్కచిక్కుడు కంటె ఇది కష్టం. చెప్తె ఎవ్వలు నమ్మరు.
అందరు బాగైతున్నవ్ అంటుండ్రి. నాకేమో అద్దంల ఎవడో వేరేటోడు నిలబడ్డట్టుండె. పొట్ట ముందుగాల వచ్చింది. కూసుంటె అంగి గుండీల కాడ గుంజుతుండె.

వదిన రోజూ నా ఎదురుంగ కూసోని తింటుండె. నాకు గంట పడితె ఆమెకు గంట. తిను అని ఒక్కనాడు అనలే. చిట్గుప్పల వాళ్ళ అమ్మగారింటి ముచ్చట్లు చెప్పుకుంట, చల్లారిన అన్నం తింటుండె.

ఒకనాడు ప్యాంట్లు ఏవీ పడ్తలేవని రూమ్‌ల తలుపేసుకున్న. దుకాణం పోలే. వదిన ఏం అనకుండ బట్టల షాపుకు తీస్కపోయింది.
ట్రయల్ రూమ్‌ల కూసోని ఏడ్సిన.
బయటికెల్లి షాపాయన "సైజెంత సార్" అని అడుగుతుండు.
"జర ఆగన్నా" అని వదిన తలుపు సందులకెల్లి ఒక ప్యాంటు ఇచ్చింది. లోపట సైజు పట్టీ లేదు. కత్తిరించేసింది.
"నంబర్‌తోని నీకేం పని శీను. నడుముకు బిర్రుగుందా, లేదా. అంతే చెప్పు."
"లేదు."
"కూసోని చూడు."
కూసున్న. బిర్రు లేకుండె.

మొన్నామధ్య హుమ్నాబాద్‌ల పెండ్లికి పోయినం. మా మామ ఒకాయన బంతి భోజనంల అందరి ముందట నా బుగ్గ గిల్లి, "ఇప్పుడు మంచిగ ఒళ్ళు చేసినవ్‌రా" అన్నడు.
ప్రేమతోనే అన్నడు.
నా చెయ్యి ఇస్తరాకు మీదనే ఆగింది. లేసి పోయి కార్ల కూసున్న.

వదిన రెండు ప్లేట్లు పట్టుకోని వచ్చింది.
"వదినా, నేను లావైనానా?"
ఒక ప్లేటు నా చేతిల పెట్టింది. రోడ్డు మీద లారీలు పోతున్నయ్.
"అయినవ్" అన్నది. "నీకు మస్తు తకలీఫ్ అయితుందని గూడ తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు శీను. ఉంటె ఇస్తుంటి. నీతోని కూసుంట, అంతే."

ఆనాడు ప్లేటు మొత్తం తిన్న. ఏడ్సుకుంటనే తిన్న.

నేను బాగైన అని చెప్పను. ఇంకా భయమే. పొద్దున అంగి ఏసుకునేటప్పుడు ఇప్పటికి గూడ అద్దం దిక్కు చూడ. ఆమె ఉన్నది గదా అని నెట్టుకొస్తుంటి.

ఇయ్యాల పొద్దున దహనం చేసొచ్చినం.
ఇంట్ల పొయ్యి ముట్టియ్యలే. పక్కింటోళ్ళు అన్నం, పప్పుచారు తెచ్చి మా ఇద్దరి ముందట పెట్టిండ్రు. అన్న ముట్టలే. గోడ దిక్కు చూస్కుంట కూసున్నడు.
శాన సేపటికి నా దిక్కు తిరిగి, "నీతోని ఎట్ల కూసోవాల్నో నాకు రాదురా. అంత ఆమెనే చూస్కునేది" అన్నడు.

ప్లేటు నా ముందటికి గుంజుకున్న.

సగం తిన్న వదినా. ఇంక లోపటికి పోలే.
రాత్రికి ఏమైతదో, రేపు ఏమైతదో నాకు తెల్వది.

పైలంగ పో వదినా.
నీ జీవం ఏడున్నా నిమ్మళంగ ఉండాలె.