ఖాళీ బండికి ఓవర్‌లోడ్ అన్నారు

కరోనా భయం సద్దుమణిగిన తర్వాతి ఎండాకాలం. ఏలూరులో మాది టైర్ల కొట్టు. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారి పక్కన కూర్చుని ఈ వ్యాపారం నేర్చుకున్నాను. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. కొల్లేటి చెరువుల నుంచి చేపలు తోలే పికప్ బండ్లే మాకు పెద్ద బేరం.

సత్తిబాబుది కొల్లేటికోట. బండి ముందు చక్రాలకి టైర్ల జత మా దగ్గరే కొన్నాడు. కొని రెండు నెలలైనా కాలేదు. ఒకరోజు మధ్యాహ్నం అతని బావమరిది చిరిగిన టైరు ఒకటి ఆటోలో వేసుకొచ్చి కొట్టు ముందు దింపాడు. గుండుగొలను దగ్గర హైవే మీద ఎడమ ముందు టైరు పేలి, బండి డివైడర్‌ను గుద్ది పక్కకి పడిపోయిందట. సత్తిబాబుకి చిన్న దెబ్బలతో పోయింది. పక్క సీట్లో కూర్చున్న అతని భార్య మంగమ్మకి తొడ ఎముక రెండుగా విరిగింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. సత్తిబాబు వరండాలో నేలమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"బండి ఖాళీయేనండి అక్కగారూ. తాడేపల్లిగూడెంలో చేపలు దింపేసి ఖాళీ ట్రేలతో వస్తున్నామండి. స్పీడు కూడా లేదండి" అన్నాడు. అది నేను అడగలేదు. నింద తన మీదకే వస్తుందని అతనికి అప్పటికే తెలుసు.

నేను క్లెయిమ్ పెడితే, నాలుగు రోజులకి టైర్ల కంపెనీ తరఫున ఇంజనీరు వచ్చాడు. టైరును ఒకసారి తిప్పి చూశాడు. ఫోటో తీసుకున్నాడు.

"ఓవర్‌లోడ్ అండి మేడమ్. చేపల బండ్లు కదా, అన్నీ ఇంతే. క్లెయిమ్ రాదండి."

"బండి ఖాళీగా ఉందండి."

"అయితే గాలి తక్కువుండి ఉంటుంది. డ్రైవరు చూసుకోలేదు."

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. టైరులో రోడ్డుకి ఆనే మందమైన భాగం ట్రెడ్. పక్కన పల్చగా ఉండే గోడ సైడ్‌వాల్. ఆ గోడ లోపల రబ్బరులో పొదిగిన దారాల పొర ఉంటుంది, దాన్ని ప్లై అంటాం. బరువు మోసేది ఆ దారాలూ, అవి లోపల పట్టి ఉంచే గాలీ. గాలి లేకుండా నడిపిన టైరైతే లోపల చుట్టూ ఒరిపిడి పడి, రబ్బరు పొడి రాలుతుంది. ఈ టైరు లోపల కొత్తదానిలా నున్నగా ఉంది. చిరిగింది ఒక్కచోటే. అక్కడ బయటపడ్డ దారాలకి రబ్బరు అంటుకునే లేదు, ఉతికిన నూలులా శుభ్రంగా ఉన్నాయి. అంటే ఫ్యాక్టరీలోనే అతుకు పట్టలేదన్నమాట.

ఇది ఆ ఇంజనీరుకి తెలియక కాదు. నాకంటే బాగా తెలుసు. లోపల వేలు పెట్టి తడిమి, చటుక్కున చెయ్యి తీసేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది అప్పుడే.

"మీ వేలికి తగిలిందేంటో నోటితో చెప్పండి" అన్నాను. నవ్వాడు. వెళ్ళేటప్పుడు ఆ టైరు పట్టుకెళ్తానన్నాడు. ఇవ్వలేదు.

అతను వెళ్ళగానే సత్తిబాబు బండి రెండో ముందు టైరు తెప్పించి గాలి నింపించాను. పగలని ఆ టైరుకీ బండి కిందవైపుకి తిరిగి ఉండే గోడ మీద సరిగ్గా అలాంటి చోటే ఉబ్బు తేలింది. రెండూ ఒకే వారంలో తయారైనవి, ఆ ముద్ర టైరు మీదే ఉంటుంది. అదే సరుకు నేను ఇంకొందరికి అమ్మాను.

ఆ పూటంతా వాళ్ళకి ఫోన్లే. తాడేపల్లిగూడెం అవతల వరి రైతు సుబ్బారావుగారు మాత్రం తేలిగ్గా తీసుకున్నారు.

"రేపు పొద్దున్నే ద్వారకా తిరుమల వెళ్తున్నామమ్మా. మనవడి పుట్టువెంట్రుకలు. బండెడు మంది బయల్దేరుతున్నాం. వచ్చాక చూపిస్తాలెండి."

"బాబాయిగారూ, ఒక్కసారి బండి కిందకి వంగి, ముందు టైరు లోపలి వైపు అరచేత్తో తడమండి. నేను ఫోన్ పెట్టను."

చెప్పుల చప్పుడు, పిల్లల అరుపులు వినబడ్డాయి.

"అమ్మా... నిమ్మకాయంత ఉబ్బుందమ్మా" అన్నారు.

మర్నాడు వాళ్ళు బస్సులో కొండకి వెళ్ళారు.

ఇంజనీరు మళ్ళీ వచ్చాడు, ఈసారి తియ్యటి మాటలతో. "మీ కస్టమర్లవి అన్నీ మార్చేస్తామండి. ఆ పగిలింది మాకిచ్చేయండి. చాలు."

"గూడెంలో, భీమవరంలో అమ్మినవాటి మాటేంటండీ?"

"వాళ్ళు అడిగితే చూస్తాం."

"అడగాలంటే తెలియాలి కదా! తెలిసేది పేలాకే కదా!"

"మేడమ్, మీరూ వ్యాపారస్తులే. జనాన్ని ఇలా భయపెడితే ఎవరు కొంటారండి?"

మా కొట్టులో గొంతు పెంచడం మామగారి కాలం నుంచీ లేదు. ఆ రోజు పెంచాను. "ఆసుపత్రికెళ్ళి మంగమ్మ మంచం పక్కన నిలబడి ఈ మాట అనండి. అక్కడ అనగలిగితే టైరు ఇస్తాను" అన్నాను. రోడ్డు మీద జనం ఆగి చూశారు. అతను కారెక్కేశాడు.

ఉబ్బుల ఫోటోలు తీసి తెలిసిన టైర్ల కొట్లన్నిటికీ పంపాను. కొందరు మాకెందుకన్నారు. గూడెంలో ఒకాయన మాత్రం తన దగ్గర కొన్నవాళ్ళని పిలిపించి చూస్తే, మరో రెండు బండ్లకి అదే ఉబ్బు. కంపెనీ నాకు సరుకు ఆపేసింది. ఆపుకోమన్నాను.

సత్తిబాబుతో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయించాం. టైరును పరీక్షకి పంపించాలని మా వకీలు పట్టుబట్టేసరికి కంపెనీ దిగొచ్చింది. ఆసుపత్రి ఖర్చూ, బండి బాగుచేయించే ఖర్చూ ఇస్తామంది. తప్పు తమది కాదని, కేవలం మానవత్వంతో ఇస్తున్నామని కాగితం రాసుకొచ్చింది. సత్తిబాబు సంతకం పెట్టాడు. అతని మీద నాకు కోపం రాలేదు. బండి కదలకపోతే ఇల్లు గడవదు.

సంతకమయ్యాక చూడ్డానికి వెళ్ళాను. మంగమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. ఇదివరకు చెరువు గట్టు మీద గొంతుక్కూర్చుని చేపలు వేరు చేసే మనిషి, ఇప్పుడు కింద కూర్చోలేకపోతోంది.

"మానవత్వమని రాశారంట కదండీ అక్కగారూ" అంది. "బండి ఖాళీ అని ఒక్క ముక్క రాయలేకపోయారా అండి? మా ఆయన్ని ఊళ్ళో అందరూ లోడెక్కువేసి పెళ్ళాం కాలు విరగ్గొట్టాడంటన్నారు."

కేసు మూశారు గానీ సత్తిబాబు మీద వేసిన నింద తీయలేదు వాళ్ళు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నాకు ఈ కేసు నేర్పింది అదే. డబ్బిచ్చేవాడు నిజం కూడా ఇచ్చాడో లేదో చూడాలి. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ రోజు బండి ఖాళీ. డ్రైవరు తప్పు లేదు. టైరే పుట్టుకతో చెడ్డది.