మెడ మీది చారలు

పోయిన ఎండాకాలం పటాన్‌చెరులో బస్సెక్కి, మెడ మీది నలుపుకు లేజర్ చేయించుకోబోతున్నానని స్నేహితురాలికి ఫోన్‌లో చెబుతున్నాను. రుద్రారం దాటాక, పక్క సీట్లోని ఎవరో ఒకామె నా చెయ్యి తట్టి, తన చున్నీ కాస్త జరిపింది. మెడంతా కాలిన చారలు.

"లేజర్ల మొకానికి వెట్టినంత వేడే మెడకు గూడ వెట్టిన్రక్కా. గాడ తోలు పల్చగుంటదని ఎవ్వలు చెప్పలే. అడగవోతే నీ తోలే గట్లున్నదని నన్నే అంటున్రు," అంది విసుగ్గా.

నేను వెంటనే నేను లేజర్ చేయించుకోవాల్సిన క్లినిక్‌కు ఫోన్ చేసి, ముందు కొంచెం చోట చేసి చూస్తారా అని అడిగాను.

"అందరు చేయించుకుంటున్నరు మేడం, మీ ఒక్కరికే ఎందుకు డౌటు?" అని అక్కడి అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట పక్కామెకూ వినబడింది.

"నాకు గూడ గదే చెప్పిన్రు," అంది.