క్లాసులో నా నిద్ర

కడపలో పీజీ చదివేటప్పుడు రాత్రి పదింటికి పుస్తకం మూసి, ఐదు నిమిషాలు రీల్స్ చూసి పడుకుందామని ఫోను తీసేదాన్ని. తలెత్తేసరికి రెండున్నర అయ్యేది. ఎండాకాలంలో హాస్టల్ స్లాబు సెగలు కక్కేది కాబట్టి ఉక్కను తిట్టుకునేదాన్ని. చలికాలం వచ్చినా నా నిద్ర మాత్రం రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం క్లాసులో బెంచీకి చెంప ఆనించి నిద్రపోయాను, నోరు తెరుచుకుని, చొంగ కార్చుకుంటూ. పక్కనే కూర్చునే నా రూంమేట్ అది వీడియో తీసి, గురక చప్పుడు కలిపి, రీలు చేసి పెట్టింది. సాయంత్రానికి కాలేజీ అంతా చూసేసింది.

"తీసెయ్యే" అన్నాను.

"తమాషాకే కదే! శానా మంది చూస్తాండారు, రెండు రోజులు ఉండనీ."

గట్టిగా పోట్లాడలేకపోయాను. అంతకు ముందు వారమే, రైల్వే స్టేషన్లో కూర్చుని నిద్రపోతున్న ఒక ముసలాయన వీడియో చూసి పడీపడీ నవ్వి పదిమందికి పంపింది నేనే.

ఆ రోజుతో ఉన్న కాస్త నిద్రా పోయింది. దుప్పటి ముసుగేసుకుని కామెంట్లు చదివేదాన్ని. 'గేదె' అని రాసినవాడెవడో నాకు తెలియదు. చదివినవే మళ్లీ చదివేదాన్ని. కొత్తవి రాకపోతే ఎదురు కూడా చూసేదాన్ని. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు నాయన ఫోన్ చేశాడు. కర్నూలు పక్క మా ఊళ్లో సేద్యం చేసుకునే మనిషి. టీ అంగడి దగ్గర ఎవరో ఆయనకు ఆ వీడియో చూపించి నవ్వారట.

"ఏం మ్మా, రాత్రంతా సదువుతాండావా? మొగం ఎంత పీక్కపోయుండాదో! సదువు యాడికీ పోదులే, రోంత పండుకో తల్లీ" అన్నాడు.

"సరే నాయనా" అన్నాను.

'నా బిడ్డ నిద్ర మాని సదువుతాది' అని ఆ నవ్వినవాళ్లకే చెప్పొచ్చాడని తర్వాత అమ్మ చెప్పింది.

ఆ సెమిస్టర్లో రెండు పేపర్లు పోయాయి. ప్రశ్నలు కష్టంగా ఇచ్చారని నాయనకు చెప్పాను. నమ్మాడు. రూంమేట్ రీలు తీయనే లేదు. దాన్ని ఫాలో అయ్యేవాళ్లు పెరిగారు మరి. ఇంకో ఏడాది అదే గదిలో, ఒకే టిఫిన్ పంచుకుంటూ ఉన్నాం.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. ఇప్పటికీ రెండు దాటితే గానీ ఫోను పక్కన పెట్టను. పొద్దున బస్సులో కునుకు ముంచుకొస్తే, ముందు మొహం మీదికి చున్నీ లాక్కుంటాను.