పెద్ద కారు తాగేసిన ఆదివారాలు

నా చిన్నప్పుడు విజయనగరంలో మా వీధి మొత్తానికి కారున్న ఇల్లు ఒక్కటే ఉండేది, అది మాది కాదు. మాది గోగునార వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల రైతులు ఎడ్లబళ్ళమీద తెచ్చిన నారను మా నాన్న కొని, రకాలు వేరు చేయించి, కట్టలు కట్టించి మిల్లులకు పంపేవారు. ఇంట్లో మంచాలకూ దుప్పట్లకూ నారదుమ్ము వాసన పట్టి ఉండేది. నేను ఆరో తరగతి చదువుతున్న ఏడాది పంట బాగుండి, ధర నిలబడి, నాన్నకు కాస్త ఊపిరాడింది. కారు కొంటానన్నారు. సరదాకి కొంటున్నానని అందరికీ చెప్పారు. అది నిజమే గాని సగం నిజం.

మిగతా సగం మా నానమ్మ చెల్లెలు. ఆవిడ అరసవల్లిలో ఉండేది, మేము చిన్న నానమ్మ అని పిలిచేవాళ్ళం. ఆవిడ కళ్ళకు నీరుకాసులు వచ్చి, చూపు అంచులనుంచి లోపలికి తగ్గుతూ వస్తోంది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేననీ డాక్టరు చెప్పేశారు. మా నానమ్మకు బస్సు పడదు. ఎక్కితే డెంకాడ దాటకముందే వాంతులు. అందుకని తోడబుట్టినవాళ్ళిద్దరూ పెళ్ళిళ్ళలో తప్ప కలుసుకునేవారు కాదు. నాన్న ఒకరోజు అన్నం తింటూ, “అమ్మా, కారొచ్చాక ఆదివారం ఆదివారం నిన్ను పిన్ని దగ్గరకి నేనే తోలుకెల్తాను. దానికి సూపున్నన్నాళ్ళూ నీ మొకం సూస్తాది” అన్నారు. నానమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

రెండు బళ్ళు బేరానికి వచ్చాయి. ఒకటి కోట వైపు ఉండే ఒక వకీలుగారిది. పడవంత కారు. పైకప్పు ఉండదు, వాన వస్తే గుడ్డ టాపు లేపుకోవాలి. తోలు సీట్లు, అద్దంలా మెరిసే ముందుభాగం. రెండోది నెల్లిమర్లలో ఒక ఇంజనీరుగారిది. చిన్నది, గుండ్రంగా ఉండేది. దాని పైకప్పు కూడా గుడ్డదే, చాప చుట్టినట్టు వెనక్కి చుట్టుకోవచ్చు.

వకీలుగారు దాపరికం లేని మనిషి. తన బండి లీటరుకు ఐదు కిలోమీటర్లిస్తే గొప్పని ముందే చెప్పారు. ఇంజనీరుగారిది పదిహేనిచ్చేది. నాకు అప్పటికే లెక్కల పిచ్చి. అరసవల్లి వెళ్ళిరావడానికి పెద్దదానికి ఇరవై ఆరు లీటర్లు, చిన్నదానికి తొమ్మిది కూడా అక్కర్లేదని భాగహారం చేసి పలక నాన్న ముందు పెట్టాను. ఆయన నవ్వేశారు.

“సరదా బండికి లెక్కలేటే? లెక్కలన్నీ నార బండికి!”

పైగా పెద్దకారు తలుపు తెరిచి, మూసి, ఆ చప్పుడు మాకు వినిపించారు. “సూసావా అమ్మా, బరువు! ఒక్క తలుపే మణుగుంటాది. అసలు సరుకంటే ఇది. ఆ నెల్లిమర్లది అగ్గిపెట్టె.” తాతల కాలంనుంచి కాటాలో పెట్టి సరుకు అమ్ముకున్నవాళ్ళం. బరువున్నదే విలువైనదని మా చేతులకు అలవాటైపోయింది. ఆ పొరపాటు మా ఇంట్లోవాళ్ళే చేయగలరు.

నానమ్మ అరుగు మీదనుంచి లేవకుండానే అడిగింది. “ఒరే, రైతు తెచ్చిన కట్ట మరీ బరువుగా ఉంటే నువ్వేటి సేస్తావు?”

“ఏటి సేస్తాను, ఆరబెడతాను.”

ఈ ఆరబెట్టడం గురించి చెప్పాలి. తడినార బరువు తూగుతుంది. అందులో నార ఎంతో నీళ్ళెంతో పైకి చూస్తే తెలియదు. అనుమానం వచ్చిన కట్టను విప్పి, పెరట్లో దండేలమీద ఎండకు వేసి, బాగా ఆరాక మళ్ళీ తూచేవారు. ధర ఆ రెండో తూకానికే. రైతుకూ కోపం ఉండేది కాదు, అది మర్యాదైన పద్ధతి. మొదటి తూకం చూసి మురిసిపోయే వ్యాపారిని మా వైపు పసివాడి కింద జమకట్టేవారు.

“మరి దీన్నీ ఆరబెట్టు. ఒక నెల మన పెట్రోలు పోసి తోలు. ఆ తరవాత బేరం” అంది నానమ్మ. వకీలుగారు సరేనన్నారు. నెల్లిమర్లాయనకు తొందరేమీ లేదు.

అలా ఆ నవంబరు నెలంతా పెద్దకారు మా ఇంట్లో ఉంది. నాలుగు ఆదివారాలని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. కాదు, అయిదు ఆదివారాలొచ్చిన నెల అది.

మొదటి ఆదివారం తెల్లవారుతూనే అందరం ఎక్కేశాం. నాతవలస దగ్గర పెద్దరోడ్డెక్కాక నాన్న వేగం పెంచారు. అమ్మ జడ విడిపోయింది, తమ్ముడు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు, నానమ్మ తలమీది కొంగు జెండాలా లేచింది. ఆవిడకు వాంతులు రాలేదు. అరసవల్లిలో చిన్న నానమ్మ గుమ్మంలోకి వచ్చి, అక్క ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, వెలుతురు వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది. “అప్పా, నీ ముక్కుపుడక మార్సినావా?” అని అడిగింది. మా వైపు అక్కను అప్ప అంటారు. మార్చి ఆరేళ్ళయిందని నానమ్మ చెప్పలేదు. తిరిగొచ్చేటప్పుడు నాన్న శ్రీకాకుళంలో మళ్ళీ పెట్రోలు పోయించారు. అక్కణ్ణుంచి ఇంటిదాకా వేగం పెంచలేదు.

రెండో ఆదివారం బరువు తగ్గాలని తమ్ముణ్ణి ఇంట్లో దింపేశారు. పల్లం వచ్చినచోటల్లా ఇంజను ఆపేసి బండిని జారనిచ్చారు. ఆ పెద్దకారు చప్పుడు లేకుండా జారుతుంటే వెనకనుంచి సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటేశాయి.

“ఒరే, ఇది కారా, జారుడుబల్లా?” అంది నానమ్మ.

“ఇంజనుకి కాస్త రెస్టమ్మా.”

“రెస్టు ఇంజనుకా, నీకా?”

మూడో ఆదివారం నానమ్మ చేగోడీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. మబ్బేసింది, టాపు కారుతుందన్నారు నాన్న. నాలుగో ఆదివారం సరుకొస్తుంది, కాటా దగ్గర తాను ఉండాలన్నారు. ఆ బళ్ళు సోమవారం వచ్చాయి. అయిదో ఆదివారం టైరును కాలితో తన్ని, గాలి తగ్గిందన్నారు. పెట్రోలు మాట ఒక్కసారి కూడా ఆయన నోట రాలేదు. కానీ ప్రతి శనివారం సాయంత్రం కారును ఆయనే స్వయంగా కడిగేవారు. కడిగి, తుడిచి, లోపల కూర్చుని, ఇంజను వేయకుండా స్టీరింగును అటూ ఇటూ తిప్పేవారు. డబ్బు లేక కాదు, ఆ ఏడాది ఆయన ఎంత పెట్రోలైనా పోయించగలరు. కాని సంచికి చిల్లుపడి గింజ కారుతుంటే చూస్తూ ఊరుకునే చెయ్యి కాదు వ్యాపారిది.

ఆ అయిదో ఆదివారం మధ్యాహ్నం కూడా ఆయన అలాగే కదలని కారులో కూర్చున్నారు. నేను వెనకసీట్లో కాళ్ళు చాపుకుని ఉన్నాను. నానమ్మ వచ్చి, రెండో తలుపు తెరుచుకుని, ఆయన పక్కన కూర్చుంది.

“ఎల్దామా?”

“ఎక్కడికమ్మా, టైరు…”

“టైరుకేటైంది? నేను గుద్ది సూసాను. మొన్నటి సరుకు సోమవారం వచ్చినాది. ఆ ముందువారం మబ్బు నా సేటంత లేదు.” గొంతులో కోపం లేదు. “ఒరే నాయినా, నేను పెట్రోలు కొలవలేదు. నీ సాకులు కొలిసినాను. మొదటివారం ఒక్కటీ లేదు. ఇప్పుడు వారానికొకటి పుడతన్నాది. ఆరినాక దీని తూకం ఇదీ.”

నాన్న స్టీరింగును బొటనవేలితో రుద్దారు. “దారి సూడలేకపోతన్నానమ్మా. పెట్రోలు ముల్లే సూస్తన్నాను. కాలు నొక్కినప్పుడల్లా అది దిగిపోతన్నట్టుంటాది” అన్నారు. ఆ వెంటనే, “పోనీ ఈ సరదా వద్దు. డీజిలు వ్యాను ఒకటి కొనేద్దాం. తక్కువ తాగుతాది, సరుక్కీ పనికొస్తాది” అన్నారు.

అప్పుడు వచ్చింది నానమ్మకు కోపం. “వ్యానులో కట్టల మజ్జిన కూకోని నా సెల్లిని సూడ్డానికెల్తానేటి? సరదా లేని బండిని రెండోవారానికే గుమస్తాకి అప్పసెప్పేస్తావు. నువ్వు నవ్వుతా తోలాల, నేను నవ్వుతా కూకోవాల. ఆ నెల్లిమర్ల బండికి కప్పు సుట్టుకుంటాదన్నావు కదరా? గాలి దానికీ తగులుతాది.”

“అది అగ్గిపెట్టమ్మా!”

“అగ్గిపెట్టిలో ఇరుక్కోనైనా ఎల్తాను గాని, ఈ సిమ్మాసనంలో ఇంటికాడ కూకోలేను.”

నాన్న నవ్వారు. ఆ నెలలో ఆయన అలా నవ్వడం మొదటి ఆదివారం తరవాత అదే. మర్నాడే పెద్దకారును తళతళలాడేలా తుడిచి వకీలుగారికి అప్పగించి వచ్చారు. ఆయన ఏమీ అనుకోలేదట. తనకూ దాన్ని చూసుకోవడమే ఎక్కువనీ, తోలడం తక్కువనీ ఒప్పుకున్నారట.

చిన్నకారులో మా మోకాళ్ళు గడ్డాలకు తగిలేవి. ఎత్తు ఎక్కాలంటే మూలిగేది. నానమ్మ ముందు, అమ్మా నేనూ తమ్ముడూ వెనక. కప్పు చుట్టేస్తే మాత్రం పైన ఆకాశం పెద్దకారులో ఎంత కనిపించిందో అంతే కనిపించేది. నాన్న మళ్ళీ దారి చూడడం మొదలుపెట్టారు. రణస్థలం దగ్గర ఆగి మాకు జీళ్ళు కొనిచ్చేవారు, పాటలు పాడేవారు. ఒక్కోసారి దారితప్పి ఏదో ఊళ్ళోకి పోయినా విసుక్కునేవారు కాదు. పెద్దకారులో దారి తప్పి ఉంటే ఆ మనిషి ఆ రాత్రి నిద్రపోయేవారు కాదు.

ప్రతి ఆదివారం వెళ్ళామని చెప్పను. జ్వరాలూ పరీక్షలూ ఉంటాయి. అయినా రెండేళ్ళపాటు, తప్పిన ఆదివారాలు తక్కువ, వెళ్ళినవి ఎక్కువ. చిన్న నానమ్మకు మొదట్లో మా అందరి ముఖాలూ తెలిసేవి. తరవాత మనిషి ఎత్తును బట్టి పోల్చుకునేది. ఆ తరవాత బండి చప్పుడు విని వీధిలోకి వచ్చేది. అప్పుడు నాన్న ఆవిణ్ణి ముందుసీట్లో కూర్చోబెట్టి, కప్పు చుట్టి, కారును తూర్పుకు తిప్పి నిలిపేవారు. నానమ్మ పక్కన కూర్చుని చెల్లెలి చెయ్యి పట్టుకునేది. ఇద్దరూ ఎండ కాచుకుంటూ, మా ముత్తవ్వ వండిన కూరల దగ్గర్నుంచి ఎవరికి ఎవరు ఎందుకు పలకడం మానేశారో దాకా అన్నీ తవ్వుకునేవారు.

ఈమధ్య మా మనవరాలు సరదాకి ఒక కారు కొనుక్కుంటానని ఫోనులో రెండు బళ్ళు చూపించింది. ఒకటి నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది. “దీనికి మైలేజీ రాదమ్మమ్మా. సరదా బండికి అది సూడకూడదంట, అందరూ అదే అంటన్నారు” అంది. నేను దాన్ని వద్దనలేదు. ఎన్నాళ్ళకోసారి, ఎంత దూరం తోలుతావో ముందు చెప్పమన్నాను. నెలకోసారి కొండదారిలో తిప్పి తెచ్చుకునేదైతే ఎంత తాగినా మొత్తంమీద తాగేది కొద్దే. రోజూ ఆఫీసుకు, వారం వారం ఊళ్ళకు అయితే ఆ ముల్లు దాని సరదాలోంచే కోసుకు తింటుంది. అద్దెకు దొరికితే తెచ్చుకుని ఒక నెల తోలి చూడమన్నాను. తెచ్చుకుంది. ఇంకా తేల్చుకోలేదు. తొందరపెట్టడం లేదు నేను.

సరదాకు కొనే వస్తువు ఏదైనా, కొన్నరోజు దాన్ని చూసి ఎంత మురిశామన్నది నేను లెక్కలోకి తీసుకోను. దాని ముచ్చట ఆరిన తరవాత కూడా, మనసు వెనక్కి లాగకుండా చెయ్యి దానివైపు పోతుందా అని చూస్తాను. ఆ అలవాటు నాకు నానమ్మ ఇచ్చింది.

పెళ్ళిళ్ళూ పురుళ్ళూ చావులూ అన్నిటికీ తేదీ, వారం నేను చెప్పగలను, మా ఇంట్లో ఎవరికి సందేహం వచ్చినా నన్నే అడుగుతారు. చిన్న నానమ్మ మా నానమ్మ ముఖాన్ని ఆఖరిసారి చూసిన ఆదివారం ఏదో మాత్రం నాకు తెలియదు. నానమ్మకూ తెలియలేదు. పెద్దకారే కొని ఉంటే అది ఫలానా రోజని వేలుపెట్టి చూపించగలిగేదాన్ని. మేము వెళ్ళిన ఆదివారాలు అన్నన్ని ఉన్నాయి కాబట్టి, వాటిలో అది ఎక్కడో కలిసిపోయింది.