ఉయ్యాలలో గుమ్మడికాయ

నా చిన్నప్పుడు, భద్రాచలం పోయే దారిలో అడవి అంచున ఉన్న మా ఊళ్లోకి మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది. ఆ ఏడు మిర్చి బాగా పండింది. మా నాన్న ఖమ్మం మార్కెట్లో బస్తాలు దింపి, తిరిగొచ్చేటప్పుడు ఆ పెట్టె పట్టుకొచ్చాడు. ఇక మా ఇంటి భోగం చూడాలి! పొయ్యి మీద అన్నం మాడినా అడిగే దిక్కు లేదు. తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాకపోయినా, ఇప్పుడో అప్పుడో బొమ్మ వస్తుందని నోళ్లు తెరుచుకుని కూర్చునేవాళ్లం.

మా నానమ్మకు టీవీ మీద పగేమీ లేదు. భజన వస్తే తనూ చూసేది. అయితే అప్పటికి మా తమ్ముడు పాకే పిల్లవాడు. ఒకనాడు మేమంతా టీవీలో మునిగి ఉండగా, పెరట్లో ఆరబోసిన మిరపకాయల్లోకి పాకిపోయి, ఆ చేతులతోనే కళ్లు నలుపుకున్నాడు. వాడి ఏడుపు టీవీ పాటలో కలిసిపోయింది. అప్పుడే చేను నుంచి వచ్చిన నానమ్మే విని, ఎత్తుకుని కళ్లు కడిగింది. ఆ పెట్టె కాసేపన్నా కట్టేసి పిల్లవాణ్ణి చూసుకొమ్మని ఆనాటి నుంచి పోరుతూనే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అమ్మ మాత్రం తెలివైన ఉపాయమే చేశాననుకుంది. తమ్ముణ్ణి దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టి, ఉయ్యాలకు ఒక తాడు కట్టుకుంది. ఇక వెనక్కి తిరిగే పని లేదు. తాడు లాగుతూ హాయిగా టీవీ చూసేది.

ఆ ఆదివారం సాయంత్రం సినిమాకు వాడకట్టంతా మా ఇంట్లోనే ఉంది. సినిమా హాల్లా ఉండాలని నాన్న తలుపులు దగ్గరగా వేసి లైటు ఆర్పేశాడు. తెర మీద కథానాయిక ఏడుస్తుంటే ఇల్లంతా ముక్కులు చీదింది. మధ్యలో నానమ్మ లోపలికీ బయటికీ తిరిగితే అమ్మ విసుక్కుంది కూడా. ఉయ్యాల కిర్రుమన్నప్పుడల్లా తెర మీది నుంచి కన్ను తిప్పకుండానే జోజో అంటూ వచ్చింది.

సినిమా అయింది, లైటు వెలిగింది. అమ్మ ఉయ్యాలలో చెయ్యి పెట్టి, అలాగే కొయ్యబారిపోయింది. తమ్ముడి బొంతలో పండిన గుమ్మడికాయ ఉంది.

వచ్చినవాళ్లలో ఒకామె గుండెలు బాదుకుంది. “బాణామతి చేసిండ్రమ్మో, పిలగాణ్ణి గుమ్మడికాయ చేసిండ్రు!”

ఈనాడు వింటే నవ్వొచ్చే మాటే. ఆనాడు ఒక్కరూ నవ్వలేదు. మా వైపు బాణామతి అనే ఆ చేతబడి మాటెత్తితే మీసాలున్న మగవాళ్లకే వణుకు. అమ్మ ఆ కాయను కింద పెట్టలేదు. అదే తన కొడుకేమోనని గుండెకు హత్తుకుని నిలబడింది. నాన్న బావి వైపు పరుగెత్తాడు.

అప్పుడు పక్కింటి నుంచి తాపీగా వచ్చింది నానమ్మ, చంకలో తమ్ముడితో. అమ్మ కాయను కింద పెట్టి తమ్ముణ్ణి అందుకుంది.

“ఎప్పుడు తీస్కపోయినవ్ అత్తమ్మా?”

“లైటు ఆర్పినంక. నీ ముందల్నించే ఎత్తుకొని పోయిన. అడ్డం జరుగుమంటివి, జరిగిన.”

బావి దగ్గర నుంచి రొప్పుతూ వచ్చిన నాన్న, ఇదేం పరాచికమని నానమ్మ మీద లేవబోయాడు.

“నేను గనక మళ్ల తెచ్చిన, కొడకా,” అంది నానమ్మ.

వచ్చినవాళ్లు తేలు కుట్టిన దొంగల్లా ఒక్కొక్కరే జారుకున్నారు.

టీవీని ఎవరూ పారేయలేదు. అప్పటి నుంచి వార్తలూ, ఆదివారం సినిమా, అంతే. అదీ లైటు వేసుకునే. ఉయ్యాల తాడును అమ్మ తన చేతులతోనే విప్పేసింది. ఊరు చాలాకాలం ఈ కథ చెప్పుకుని నవ్వింది గానీ అమ్మ ఎన్నడూ నవ్వలేదు. నాకు కాన్పై, నా బిడ్డను తను మొదటిసారి ఎత్తుకున్నప్పుడు మాత్రం మెల్లగా అంది. “గంత సేపు ఊపిన గదనే. నా చేతికి బరువు తేడా తెల్వకపాయె.”

కన్నతల్లి చేతికే తెలియలేదు! తలుచుకుంటే ఈ వయసులోనూ ఒళ్లు జలదరిస్తుంది. మా ఇంట్లో ఇప్పటికీ టీవీ చూస్తాను, కాసేపే. తెరకు ఎవరైనా అడ్డం వస్తే జరగమనను. ముందు వాళ్ల చేతుల్లో ఏముందో చూస్తాను.